ఒకటో తారీఖు రేటు

మనిషిని చూడకముందే దయాకర్ ఆ గొంతును గుర్తుపట్టాడు.

డిసెంబరు మొదటి ఆదివారం. ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద, మెట్రో పిల్లర్లకు ఎదురుగా ఉన్న కార్ల షోరూములో పదకొండు గంటలకే సందడి మొదలైంది. సేల్స్ మేనేజరు దయాకర్ తన అద్దాల గదిలో కూర్చుని ఆ నెల డెలివరీల లిస్టు చూసుకుంటున్నాడు. సగం తెరిచిన తలుపులోంచి ఒక మాట లోపలికి వచ్చింది.

"నీ రేటు చెప్పావు, విన్నాను. ఇప్పుడు నా రేటు విను."

ఆ మాట విని ఇరవై ఏళ్ళయింది. దయాకర్ చేతిలోని లిస్టు పక్కన పెట్టాడు. లేచి అద్దంలోంచి చూశాడు. ఎర్ర కారు పక్కన డెబ్బై దాటిన మనిషి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో పొడుగాటి నోటుబుక్కు. జుట్టు మొత్తం తెల్లబడింది కానీ ఎదుటి మనిషి మాట్లాడుతుంటే గడ్డం పైకెత్తి పక్కకు చూసే అలవాటు మాత్రం పోలేదు. పక్కన కూతురు కాబోలు, ముప్పై అయిదు దాటిన ఆవిడ, కారు తలుపు తీసి సీట్లు నొక్కి చూస్తోంది.

సేల్స్ అమ్మాయి హిమజ గోడమీది ధరల బోర్డు చూపించింది. "సార్, మా దగ్గర బేరం ఉండది సార్. ఈడనైనా, కూకట్‌పల్లిలనైనా, వరంగల్‌లనైనా ఒక్కటే రేటు. బిల్లు డైరెక్టు కంపెనీకెల్లి వస్తది."

"బేరం లేని వస్తువు ఉండదమ్మా. అడగడం రానివాళ్ళ కోసం పెట్టిన బోర్డది. ముప్పై రెండేళ్ళు పర్చేజ్‌లో చేశాను నేను. మీ మేనేజర్ని పిలు."

ఆయన పేరు పరంధామయ్య. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో నీళ్ళ పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో పర్చేజ్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. బోల్టు దగ్గర నుంచి క్యాంటీన్‌లో వండే బియ్యం దాకా ఆయన సంతకం లేకుండా ఆ గేటు దాటి ఏదీ లోపలికి వచ్చేది కాదు. ఆ ఫ్యాక్టరీ వెనక సందులో, రేకుల షెడ్డులో రెండు లేతు మిషన్లు పెట్టుకుని ఇనుప రాడ్లను వాటిమీద తిప్పి పంపులకు షాఫ్టులు చేసిచ్చిన పోశయ్య దయాకర్ తండ్రి.

పోశయ్యకు ఇంగ్లీషు రాయడం రాదు. కొటేషన్లు రాసిపెట్టేది డిగ్రీ చదువుతున్న కొడుకే. ప్రతి ఆరు నెలలకోసారి తండ్రీకొడుకులిద్దరూ లెటర్‌హెడ్ల కట్ట పట్టుకుని పోయి పర్చేజ్ గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళు. లోపలినుంచి పిలుపొచ్చాక పరంధామయ్య కాగితం చూసి, ఎర్ర ఇంకుతో అడ్డంగా ఒక గీత గీసి, "మళ్ళీ రాసుకురా" అనేవాడు. ఎంతకు రాయాలో చెప్పడు. బయటికొచ్చి బెంచీ మీదే ఇంకో కాగితం రాయాలి. మళ్ళీ గీత. ఒకరోజు అట్లా అయిదుసార్లు రాయించాడు. పొద్దున తొమ్మిదికి కూర్చున్నవాళ్ళు ఫ్యాక్టరీ సైరన్ కూసి అందరూ ఇళ్ళకు పోతుంటే లేచారు. ఆరోజు పోశయ్య ఒప్పుకున్న రేటుకు ఇనుప రాడ్డు ఖరీదు కూడా సరిగ్గా గిట్టదు.

ఆ తర్వాత ఏడాదే రెండొందల షాఫ్టుల లోడు పనికిరాదని గేటు దగ్గర్నుంచే వాపసు వచ్చింది. మిషన్లు అమ్మితే అప్పు తీరింది, అంతే. పోశయ్య హబ్సిగూడలో ఒక ఏటీఎం ముందు కుర్చీ వేసుకుని పదకొండేళ్ళు వాచ్‌మన్ పని చేశాడు. దయాకర్ డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు రాయలేదు. బైకుల షోరూములో కరపత్రాలు పంచే పని నుంచి మొదలుపెట్టి, మెల్లమెల్లగా ఈ అద్దాల గదిలోకి వచ్చాడు. బేరం లేని కంపెనీ అని తెలిసే ఇక్కడ చేరాడు. ఎవరూ ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కరలేని దుకాణమని కొత్తగా చేరిన పిల్లలకు గర్వంగా చెప్పేవాడు కూడా.

అది పూర్తిగా నిజం కాదు. ధర మారదు కానీ మేనేజరు చేతిలో గుడ్‌విల్ అని కొంత ఉండేది. కారుకు పదివేల దాకా సీటు కవర్లనో, మ్యాట్లనో, ఇన్సూరెన్సులో తగ్గింపనో ఇచ్చుకోవచ్చు. నవ్వుతూ అడిగినవాళ్ళకు, ఒక్కోసారి అడగనివాళ్ళకు కూడా, దయాకర్ ఇస్తూనే ఉండేవాడు.

టై సర్దుకుని బయటికి వచ్చాడు. "నమస్తే సార్. నేను మేనేజర్‌ని."

పరంధామయ్య అతని ముఖంలోకి చూశాడు. బోర్డును ఎట్లా చూశాడో అట్లాగే చూశాడు. గుర్తుపట్టలేదు. అదొకటి దయాకర్‌కు ఎక్కడో గుచ్చుకుంది.

"చూడు బాబూ, కారు మా అమ్మాయి ధనశ్రీ కొనుక్కుంటోంది. ఘట్‌కేసర్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో చెబుతుంది. డబ్బుకి లోటు లేదు. కానీ రూపాయి తగ్గకుండా కొంటే నాకు నిద్రపట్టదు. పాతిక వేలు తగ్గించు, ఇప్పుడే చెక్కు రాయిస్తాను."

"నాన్నా, ఫిక్స్‌డ్ అని బోర్డు పెట్టారు కదా" అంది ధనశ్రీ చిన్నగా.

"నువ్వు కూర్చోమ్మా. ఇది నా పని."

కుదరదని చెప్పి పంపించేస్తే అయిపోయేది. పదివేలిచ్చినా అయిపోయేది. దయాకర్ రెండూ చేయలేదు. కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించి, "మీ అనుభవం చూస్తుంటే చెప్పాలనిపిస్తుంది సార్. అందరికీ చెప్పం. స్పెషల్ అప్రూవల్ అని ఒకటుంటది. మీరు అప్లికేషన్ రాసిస్తే పైకి పంపిస్త" అన్నాడు.

పరంధామయ్య కూతురి వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. చూశావా అన్నట్టు.

అట్లాంటి అప్రూవల్ ఏదీ లేదని హిమజకు తెలుసు. వాళ్ళు బుకింగ్ కట్టి వెళ్ళాక అడిగింది. "సార్, గా అప్రూవల్ ఎక్కడిది?"

"నీ పని నువ్వు చూసుకో."

బుధవారం పరంధామయ్య అప్లికేషన్ తెచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. దయాకర్ ఆయన్ను రిసెప్షన్ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో నలభై నిమిషాలు కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, కాగితం చదివినట్టు చేసి, డ్రాయరులోంచి ఎర్ర పెన్ను తీశాడు. అడ్డంగా ఒక గీత గీశాడు. ఆ పెన్ను ఆదివారం సాయంత్రమే కొనిపెట్టుకున్నాడు.

"ఇట్ల రాస్తే చూడరు సార్. మళ్ళీ రాసుకురండి."

గీత గీస్తున్నప్పుడు ఆయన ముఖాన్నే చూశాడు. అక్కడ కోపమో, అవమానమో, ఏదో ఒకటి కనిపిస్తుందని ఎదురుచూశాడు. పరంధామయ్య ఆ గీతను చూసి నవ్వాడు.

"పద్ధతి తెలిసినవాడివి బాబూ. నేనూ ఇలాగే కొట్టేసేవాణ్ణి. కాగితం మీద ఎర్రగా కనిపిస్తే అవతలివాడు సగం దిగిపోతాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఒక పెద్ద సారు దగ్గర" అన్నాడు దయాకర్. ఆ మధ్యాహ్నమంతా అతనికి ఒళ్ళు మండుతూనే ఉంది.

రెండోసారి కారణం బలంగా లేదన్నాడు. మూడోసారి, "రిటైర్డ్ ఉద్యోగిని, పెన్షన్ తక్కువ అని రాయండి సార్. దయతలచి అని కూడా పెట్టండి" అన్నాడు.

పరంధామయ్య పెన్ను మూత తీసి ఆగాడు. "నాకు లేక అడగటం లేదయ్యా."

"నాకు తెలుసు సార్. వాళ్ళకు తెల్వదు కద. మీ ఇష్టం."

కాసేపు గోడవైపు చూసి, ఆయన రాశాడు. 'దయతలచి' దగ్గర అక్షరం పక్కకు పోయింది. దయాకర్ ఆ కాగితం తీసుకుని, ఆయన ముందే, ఆ ఒక్క మాట కింద ఎర్రగా గీత గీసి ఫైల్లో పెట్టాడు.

అదే గంటలో ధీరజ్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు అదే మోడలు బుక్ చేశాడు. ఏమీ అడగలేదు. దయాకర్ గట్టిగా, రిసెప్షన్ దాకా వినబడేలా, "హిమజా, సారుకు సీటు కవర్లు, మ్యాట్లు, రివర్స్ కెమెరా మన తరఫున రాసేయ్" అన్నాడు. ప్లాస్టిక్ కుర్చీలో ఉన్న పరంధామయ్య మెడ తిప్పి చూశాడు.

"ఆ పిల్లాడికి ఇచ్చారేమిటి?"

"ఆయన అప్రూవల్ అడగలే సార్. మీకు వచ్చేది పెద్దది. రెండూ ఇయ్యరు."

డిసెంబరు ఇరవైన కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. జనవరి ఒకటి నుంచి ఆ మోడలు మీద పద్దెనిమిది వేలు పెరుగుతుంది. బుకింగ్ ఎప్పుడు చేసినా, బిల్లు పడ్డ రోజు రేటే రేటు. హిమజ కస్టమర్లందరికీ ఫోన్లు చేసి నెలాఖరులోగా బిల్లు చేయించుకోమని చెప్పింది. పరంధామయ్య నంబరు దగ్గరికి వచ్చేసరికి దయాకర్ ఫోను తీసుకుని పక్కన పెట్టాడు.

"ఆయన్ది నేను చూసుకుంట."

"సార్, పద్దెనిమిది వేలు సార్. పెద్ద మనిషి పాపం."

"జీతం తీసుకుంటున్నవా, పాపం పుణ్యం లెక్కలు రాస్తున్నవా?"

ఆ పిల్ల లిస్టులో తర్వాతి పేరుకు పోయింది.

ధనశ్రీ కూడా పేపర్లో చూసింది. కొత్త సంవత్సరంలో కార్ల ధరలు పెరుగుతాయట, ఇప్పుడే తీసేసుకుందామని తండ్రితో అంది. లోను మంజూరై వారమైంది, కారు వచ్చి యార్డులో దుమ్ము పట్టి ఉంది. పరంధామయ్య ఒప్పుకోలేదు. రేట్లు పెరుగుతాయని భయపెట్టడం అమ్మేవాళ్ళకు మామూలేనని, తను ఇలాంటివి వేయి చూశానని, అప్రూవల్ ఇవాళో రేపో వస్తుందని చెప్పాడు. అప్పటికే వాళ్ళ అపార్ట్‌మెంటులో పొద్దున నడిచేవాళ్ళందరికీ తను ఫిక్స్‌డ్ రేటును పగలగొట్టిన కథ చెప్పేశాడు. వాళ్ళలో ఒకరు తన కొడుకు కారుకూ రమ్మని అడిగారు.

ముప్పై ఒకటిన ఆయన మధ్యాహ్నమే వచ్చి కూర్చున్నాడు. అయిదైంది. ఆరున్నరైంది. చివరికి గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, పోనీ ఇవాళే బిల్లు చేసెయ్యి. అప్రూవల్ వచ్చాక ఆ తేడా వెనక్కిద్దువుగాని."

దయాకర్ ఆయన్ను కూర్చోమనలేదు. "బిల్లు అయినంక అప్రూవల్ పనిచెయ్యది సార్. మీరు రాసింది పైదాకా పోయింది. రేపు పొద్దున్నే వస్తది. మీ ఇష్టం, వద్దంటే ఇప్పుడే చేసేస్త."

ఆ ముసలాయన గడ్డం పైకెత్తి పక్కకు చూసి ఆలోచించాడు. మూడు వారాలు తిరిగాడు. ఒక్క రాత్రిలో ఏం పోతుంది?

"రేపే చేద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున నాచారంలో ఇంట్లో దయాకర్ తండ్రికి ఇస్త్రీ చొక్కా తీసిచ్చాడు. "నాయినా, నాతోటి షోరూంకు రా. ఒక మనిషిని సూపిస్త."

"ఎవల్రా?"

"వస్తె నువ్వే గుర్తువడ్తవ్."

పోశయ్యకు అరవై తొమ్మిది. నడుం కొంచెం వంగింది. ఎడమ చేతి చూపుడువేలు మీద లేతు మిషను వదిలిన మచ్చ అట్లాగే ఉంది. దారిపొడుగునా బైకు వెనక కూర్చుని, కొడుకు తనను ఆఫీసుకు తీసుకుపోతున్నాడని సంతోషపడ్డాడు. దయాకర్ ఆయన్ను తన గదిలో, తన సొంత కుర్చీలో కూర్చోబెట్టాడు. "నువ్వు కూసునే ఉండు. లెవ్వకు. ఆయన నిలబడ్తడు" అన్నాడు. పోశయ్యకు అర్థం కాలేదు.

పదిన్నరకు పరంధామయ్య వచ్చాడు. వెనకే కూతురు కూడా వచ్చింది, కాలేజీకి సెలవు పెట్టి. ఆమె హిమజతో కారు దగ్గరికి పోయింది. పరంధామయ్య ఒక్కడే గదిలోకి వచ్చాడు.

ఆయన్ను చూడగానే పోశయ్య లేచి నిలబడ్డాడు. కుర్చీ చక్రాల మీద వెనక్కి జారి గోడకు తగిలింది.

"సార్! మంచిగున్నరా సార్?"

"ఎవరు?"

"పోశయ్యను సార్. షాఫ్టుల పోశయ్యను. మీ ఫ్యాక్టరీ ఎనక షెడ్డు."

పరంధామయ్య కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఆ... పోశయ్యా. నీ చేతిపని బాగుండేదయ్యా. సెంట్రు తప్పేది కాదు."

పోశయ్య ముఖం వెలిగిపోయింది. "యాదికున్ననా సార్! ఈడు నా కొడుకు సార్. కొటేషన్లు రాసెటోడు. గీడనే మేనేజర్."

దయాకర్ ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన క్షణం ఇట్లా వచ్చింది. తండ్రి చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ముసలాయన ఇప్పుడు దయాకర్‌ను కొత్తగా, పరీక్షగా చూస్తున్నాడు. ఎర్ర పెన్ను ఎక్కడిదో ఆయనకు అర్థమైనట్టుంది.

"మీ అప్రూవల్ రాలే సార్" అన్నాడు దయాకర్. "రాదు. అసలు లేనే లేదు. ఇయ్యాల్టి నుంచి కారు మీద పద్దెనిమిది వేలు పెరిగింది. ఫిక్స్‌డ్ రేటు. కొనేదుంటే కొనండి, లేకపోతే బుకింగ్ వాపసిస్త."

పరంధామయ్య కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "నిన్న చెప్పి ఉంటే..."

"మీరు ఏనాడన్న చెప్పిన్రా, ఎంతకు రాయాల్నో? మా నాయినను అయిదుసార్లు రాయించిన్రు. పొద్దటిసంది పొద్దూకెదాంక మంచినీళ్ళు లేకుండ బెంచి మీద కూసోబెట్టిన్రు. రెండొందల షాఫ్టులు గేటు కాన్నుంచి తిప్పి పంపిన్రు. మిషన్లు అమ్ముకున్నం. నా చదువు పోయింది."

"బేరం చెయ్యడం నా ఉద్యోగమయ్యా. అందరితోనూ అలాగే చేశాను." ఆయన పోశయ్య వైపు తిరిగాడు. "ఆ షాఫ్టుల సంగతి మాత్రం నన్నడక్కు. మీ నాన్ననడుగు."

దయాకర్ తండ్రివైపు చూశాడు. పోశయ్య తల వంచుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా" అన్నాడు. "సారు ఇచ్చిన రేటుకు మంచి రాడ్డు రాకపాయె. స్క్రాపుల పాత రాడ్డు కొని తిప్పిన. అంతకుముందు లోడు గూడ గసొంటిదే. పంపులు బిగించినంక ఇరిగినయ్. నీకు జెప్పలే."

"పదహారు పంపులు వాపసొచ్చాయి" అన్నాడు పరంధామయ్య. "చవగ్గా కొన్నది నేనే కదా, నాకు మెమో ఇచ్చారు. రెండేళ్ళు ఇంక్రిమెంటు ఆపారు. నేనెవరికి చెప్పుకోను?"

"తగ్గియ్ బిడ్డా" పోశయ్య కొడుకు మోచెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాయన. పాత రేటుకే ఇయ్యి."

తగ్గించడానికి దయాకర్‌కు ఇప్పుడు వీలు లేదు. బిల్లు కంపెనీది. నిన్న సాయంత్రం దాకా వీలుండేది. ఆ మాట చెప్పడానికి నోరు రాక, అతను తండ్రి చెయ్యి విదిలించాడు.

"నిన్ను కుర్చీల కూసోమని తోల్కొచ్చిన. ఈయన ముంగట మళ్ళ చేతులు కట్టుకోమని గాదు. పో, పోయి బయట కూసో."

పోశయ్య బయటికి పోయి రిసెప్షన్ దగ్గరి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

అప్పటికే హిమజ కొత్త రేటు చెప్పేసినట్టుంది, ధనశ్రీ విసురుగా లోపలికి వచ్చింది. తండ్రి ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు.

"నేను బేరం చెయ్యమన్నానా నిన్ను? మూడు వారాలు నాన్నా! కారు ఇక్కడే ఉంది, లోను రెడీగా ఉంది. నీ గొప్ప కోసం నా డబ్బు పద్దెనిమిది వేలు తగలేశావు. రిటైరై పన్నెండేళ్ళయింది, నీ మాట ఇంకా ఎవరో వింటారనుకుంటున్నావా? ఇంట్లో మేమే వినడం లేదు."

తలుపు తెరిచే ఉంది. షోరూములో ఉన్న నలుగురైదుగురు ఇటు చూశారు. ఎదురుగా కుర్చీలో ఉన్న పోశయ్య ముఖం తిప్పుకున్నాడు. ధనశ్రీ ఫోను తీసి, నిలబడే, ఆ తేడా మొత్తం కట్టేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "డెలివరీ ఎల్లుండి. నేనొక్కదాన్నే వస్తాను" అని హిమజతో చెప్పి, తండ్రి వస్తున్నాడో లేదో చూడకుండా మెట్లు దిగింది. పరంధామయ్య నోటుబుక్కు టేబుల్ మీదే మరిచిపోయి వెళ్ళాడు.

దయాకర్ దాన్ని తెరిచి చూశాడు. తారీఖులవారీగా అన్నీ రాసుకున్నాడాయన. ఏ రోజు ఎంతసేపు కూర్చున్నాడో, మేనేజరు ఏమన్నాడో, తను ఏమనాలో. మూసి చెత్తబుట్టలో వేశాడు.

సాయంత్రం పోశయ్య మళ్ళీ కొడుకు బైకు వెనక ఎక్కాడు. హెచ్‌ఎంటీ నగర్ మలుపు దగ్గర, "నా చేతిపని మంచిగుంటుండె అన్నడు సారు. ఇన్నవా?" అన్నాడు.

దయాకర్ గేరు మార్చాడు.

పది రోజుల తర్వాత షోరూముకు ఫోను వచ్చింది. ధనశ్రీ. గొంతు పూర్తిగా మెత్తబడి ఉంది.

"దయాకర్ గారూ, మీకు థాంక్స్ చెప్పాలని చేశాను. ఆలస్యమైనా మాట నిలబెట్టుకున్నారు. అప్రూవల్ వచ్చిందని పద్దెనిమిది వేలూ ఇంటికి పంపించారట కదా. నాన్నగారు నిన్న నా చేతిలో పెట్టారు. ఆరోజు నేను అందరిముందూ నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఇప్పుడాయన ముఖం చూడలేకపోతున్నాను. అపార్ట్‌మెంటులో అందరికీ మళ్ళీ చెప్పుకుంటున్నారు, హుషారుగా ఉన్నారు."

"ఎవరు తెచ్చిచ్చిన్రు మేడం?"

"మీ మనిషేనట. పెద్దాయన. ఎడమ చెయ్యి వేలు మీద మచ్చ ఉందని మా అమ్మ చెప్పింది."

దయాకర్ మధ్యాహ్నం ఎండలో ఇంటికి పోయాడు. పోశయ్య గడప మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"సారు ఇల్లు నీకెట్ల తెలుసు?"

"ప్రతి దివాళికి మిఠాయి డబ్బ నేనే పట్కపోతుంటి గద. హబ్సిగూడల గదే అపార్ట్‌మెంటు. రంగు మార్చిన్రు."

"పైసలు ఎక్కడియి?"

"పింఛన్వి. పోస్టాఫీసుల ఏసుకున్న. తొమ్మిది నెలల్ది."

ఆ డబ్బుతోనే తండ్రి తన బీపీ గోలీలు తనే కొనుక్కునేవాడు, కోడలి ముందు చెయ్యి చాపకుండా. "ఆయన తీసుకున్నడా? నువ్విస్తుంటె, నీ పైసలని తెలిసి తీసుకున్నడా?"

"తీసుకున్నడు. ఎందుకు తీసుకోడు? నా షాఫ్టులతోటి ఆయనకు రెండేండ్లు జీతం పెరగలే. బిడ్డ ముంగట ఇజ్జత్ పోయింది. లెక్కవెట్టుకొని తీసుకున్నడు." పోశయ్య చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టి, ముఖం పైకెత్తాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ ముఖంలో లేని కళ ఏదో ఉంది. "లెక్కవెట్టి, ఇరవై కావాలన్నడు తెలుసా. ఆటోల కిరాయి, తిరిగిన తిప్పలు, అన్నీ కలిపి ఇరవై అన్నడు. నేను ఇయ్యన్న. పద్దెనిమిదే, ఇష్టముంటె తీస్కోండ్రి అన్న. ఆయన పక్కకు జూసిండు. నేను లేసి తలుపు దాంక వచ్చిన. అప్పుడు పిలిచిండు బిడ్డా, ఎనకకు పిలిచిండు! సరేలే పోశయ్యా, నీ రేటే కానియ్యి అన్నడు. సారు నా రేటుకు ఒప్పుకున్నది గదొక్కపారే."

ఆయన నవ్వుతున్నాడు. కింది వరసలో రెండు పళ్ళు లేవు.

దయాకర్ బైకు తిప్పి స్టార్ట్ చేశాడు. ఎక్కడికో పోశయ్యకు తెలిసింది. లేచొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆ ముఖంలో నవ్వు పోయింది.

"హబ్సిగూడ పోయినవో, మళ్ళ ఈ ఇంట్ల నన్ను జూడవు. అయింది బేరం. నువ్వు పోయి అడిగితె నేను చేసినదానికి ఇలువేముంది?"

ఇంజను అట్లాగే నడుస్తోంది. పక్కింటి అనంతలక్ష్మి బట్టలు ఆరేస్తూ వీళ్ళనే చూస్తోంది. తండ్రి చెయ్యి హ్యాండిల్ మీద బిగుసుకుని ఉంది. ఇరవై ఏళ్ళ కింద ఇనుము తిప్పిన చెయ్యి, ఇంకా బలం పోలేదు. దయాకర్ ఇంజను ఆపేశాడు.

"గోలీలు ఉన్నయా?" అని అడిగాడు.

"ఉన్నయ్ తియ్" అన్నాడు పోశయ్య, మళ్ళీ చిక్కుడుకాయల ముందు కూర్చుంటూ.

దయాకర్ లోపలికి పోయి గూట్లో చూశాడు. అట్టలో అయిదే మిగిలి ఉన్నాయి. పక్కన కాగితం పొట్లంలో, సగానికి విరిచి దాచుకున్న గోలీ ముక్కలు రెండు ఉన్నాయి.